ఏ పిట్ట?

డీసీఎస్ వరల్డ్ అనే కంబాట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఆప్షన్స్‌లో 'బర్డ్స్' అని ఒక స్లైడర్ ఉంటుంది. ఎడమ చివర సున్నా. కుడివైపు జరిపేకొద్దీ, కింద కిందగా ఎగిరే మీ విమానాన్ని పక్షి ఢీకొట్టే అవకాశం పెరుగుతుంది. అంతే. ఏ పక్షి, ఎక్కణ్ణుంచి వచ్చింది, ఒకటా గుంపా, ఈ వేళప్పుడు ఇక్కడ దానికేం పని, ఇవేవీ ఆ స్లైడర్‌కి అక్కర్లేదు. నేను ఆడిన సర్వర్లలో దాన్ని సున్నా దాటించినవాళ్ళు నాకు తగల్లేదు.

ఒక స్లైడర్ మీద వ్యాసమా అని మీకు అనిపించొచ్చు. కానీ వాస్తవికత అనే మాటని ఈ ఆటలంత పట్టుదలగా వాడేవాళ్ళు ఇప్పుడు సాహిత్యంలో కూడా తక్కువే. డీసీఎస్‌లో ఏ-10 విమానం ఇంజన్లు స్టార్ట్ చేయాలంటే, అసలు పైలట్ ఏ వరసలో ఏ స్విచ్ నొక్కుతాడో అదే వరసలో నొక్కాలి. మెత్తని చేతికి కూడా పది నిమిషాలు పడుతుంది. ఆ విమానం మాన్యువల్ వందల పేజీలుంటుంది, జనం చదువుతారు కూడా. గాలి ఏ ఎత్తులో ఎటు వీస్తోందో, రెక్క కింద బాంబు వదిలాక బరువు ఎటు ఒరుగుతుందో అన్నీ లెక్క కడతారు. ఇంత పట్టింపు ఉన్న చోట దేన్ని లెక్కలోంచి వదిలేశారో చూస్తే, వాళ్ళ దృష్టిలో ప్రపంచం అంటే ఏమిటో తెలుస్తుంది. నవలలో పనిమనిషికి పేరు లేకపోతే మనం ఎలా పట్టుకుంటామో, ఇదీ అలాంటిదే.

ముందు అసలు సంగతి చూద్దాం. పక్షి విమానాన్ని గుద్దడం అనగానే అద్దం మీద మరక లాంటిది ఊహించుకుంటాం. కిలో బరువున్న ఒక గద్దని సెకనుకి 200 మీటర్ల వేగంతో, అంటే గంటకి 720 కిలోమీటర్లతో పోతున్న విమానం గుద్దిందనుకోండి. ఆ దెబ్బలో ఉండే శక్తి 20 వేల జౌళ్ళు. మనిషితో కలిపి 200 కిలోల బైకు గంటకి 50 కిలోమీటర్ల వేగంతో గోడని గుద్దితే దాదాపు అంతే ఉంటుంది. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. అందుకే ఇంజన్లు తయారుచేసేవాళ్ళు గాలి తుపాకీతో చచ్చిన కోళ్ళని పేల్చి మరీ పరీక్షలు చేస్తారు.

యుద్ధ విమానాలకి ఇంకో చిక్కుంది. ప్రయాణికుల విమానం పక్షులుండే ఎత్తులో కాసేపే ఉంటుంది, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. యుద్ధ విమానం కావాలనే ఆ ఎత్తులో తిరుగుతుంది. ఎందుకంటే శత్రువు రాడార్‌కి దొరక్కుండా ఉండాలంటే కొండల మాటున, నేలని ఒరుసుకుంటూ పోవాలి. అమెరికన్ బాంబర్ బి-1బి ఈ పనికోసమే పుట్టింది. 1987 సెప్టెంబర్‌లో కొలరాడో మీద అలాంటి శిక్షణలోనే ఉండగా ఒక గూడబాతు తగిలి కూలిపోయింది. అందులో ఉన్న ఆరుగురిలో ముగ్గురు చనిపోయారు. సోవియట్ రాడార్ల కోసం కనిపెట్టిన ఎత్తు, గూడబాతులు ఎప్పటినుంచో ఎగురుతున్న ఎత్తూ ఒకటే అయ్యాయి. అంటే పక్షి ఢీకొనడం యుద్ధానికి బయటి విషయమేమీ కాదు. రాడార్‌కీ, ఎత్తుకీ, ప్రాణానికీ మధ్య జరిగే బేరంలో అదీ ఒక ఖర్చు. కంబాట్ సిమ్యులేటర్‌లో దాని చోటు పక్కా.

మరి ఆట దాన్నేం చేసింది? పాచిక చేసింది.

స్లైడర్ పైకి పెట్టుకుని లోయలో పోతుంటే ఎప్పుడో ఒకప్పుడు ధబ్‌మని చప్పుడు. హెచ్చరిక దీపం. ఇంజన్ వేడి పెరుగుతుంది, తిరిగే వేగం పడిపోతుంది. మీరు చేసిన తప్పు లేదు, చేయగలిగిన జాగ్రత్తా లేదు. మిసైల్ వస్తే దానివెనక ఒక రాడార్, ఒక మనిషి, ఒక నిర్ణయం ఉంటాయి. తర్వాత రికార్డింగ్ చూసుకుని 'ఇక్కడ తిరిగి ఉండాల్సింది' అనుకోవచ్చు. పక్షి దగ్గర అనుకోవడానికేమీ మిగల్లేదు. అందుకే ఆటగాళ్ళు దాన్ని ఆపేస్తారు. వాళ్ళని తప్పుపట్టలేం. నలభై నిమిషాలు ప్లాన్ చేసి, ఇంధనం నింపుకుని, జట్టుతో కలిసి వెళ్ళిన మిషన్ ఒక కనపడని పాచిక వల్ల పోతే అందులో నేర్చుకునేదేముంది?

కథల్లో ఇది పాత పేచీయే. అరిస్టాటిల్ 'పొయెటిక్స్'లో మిటిస్ విగ్రహం సంగతి చెబుతాడు. ఆర్గోస్‌లో మిటిస్‌ని చంపినవాడి మీద ఆ మిటిస్ విగ్రహమే కూలి, వాడు చచ్చాడు. అది యాదృచ్ఛికమే అయినా వెనకాల ఏదో ఉద్దేశం ఉన్నట్టు కనిపిస్తుంది, అందుకే కథకి పనికొస్తుంది అంటాడాయన. మన సినిమాల్లో ఇంటర్వెల్ ముందు వచ్చే లారీ యాక్సిడెంట్‌కి ఆ మాత్రం ఉద్దేశం కూడా ఉండదు కాబట్టే మనకి ఒళ్ళు మండుతుంది. డీసీఎస్ పిట్ట ఆ లారీ లాంటిది. రచయిత చేతిలోంచి ఊడిపడింది.

అయితే నా పేచీ ఆటగాళ్ళ పేచీ కాదు. పక్షి అన్యాయంగా వస్తోందని వాళ్ళంటున్నారు. పక్షి అలా ఊరికే రాదు అని నేనంటున్నాను.

డీసీఎస్ ఉచితంగా ఇచ్చే మ్యాప్ కాకసస్. నల్లసముద్రం తూర్పు ఒడ్డున జార్జియా, దాని కింది కొసన బటూమి. ఆటలో కొత్తగా చేరిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు బటూమి రన్‌వే మీద దిగి ఉంటాడు. ఆ రన్‌వే పొడవు, దిశ, టవర్ ఫ్రీక్వెన్సీ అన్నీ ఉన్నాయి. అయితే ఆ బటూమి గురించి పక్షుల్ని చూసేవాళ్ళకి తెలిసిన విషయం వేరే ఒకటుంది. ప్రపంచంలో వేటపక్షుల వలస అత్యంత దట్టంగా సాగే దారుల్లో అదొకటి. ప్రతి శరదృతువులో పదిలక్షలకి పైగా గద్ద జాతి పక్షులు ఆ ఊరి మీదుగా దక్షిణానికి పోతాయి. 2008 నుంచి అక్కడ మనుషులు కొండ మీద కూచుని వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెడుతున్నారు.

అవి అక్కడికే ఎందుకు రావాలి? పెద్ద రెక్కల పక్షులు రెక్కలాడిస్తూ దూరాలు పోలేవు, అలిసిపోతాయి. నేల వేడెక్కి పైకి లేచే గాలి మీద తేలుతూ పోతాయి. సముద్రం మీద అలాంటి గాలి లేవదు. ఎత్తైన మంచుకొండలు దాటడం కష్టం. ఒకపక్క నల్లసముద్రం, ఇంకోపక్క కాకసస్ కొండలు, మధ్యలో సన్నటి తీరం. గరాటు మూతిలా ఆకాశం అక్కడ ఇరుకవుతుంది. అది ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య దాకా. తెల్లవారుజామున కాదు, ఎండెక్కి నేల కాగాక.

ఇప్పుడు ఆటవైపు చూడండి. మిషన్ తయారుచేసేటప్పుడు తేదీ పెట్టే వీలుంది. సెప్టెంబర్ 1 అని పెడితే సూర్యుడు ఆ రోజు ఏ కోణంలో ఉంటాడో ఆ కోణంలోనే ఉంటాడు. సముద్రం ఎక్కడుందో, కొండ ఎంత ఎత్తో, ఉష్ణోగ్రత ఎంతో ఆటకి తెలుసు. వేటపక్షులు బటూమికి ఎందుకొస్తాయో చెప్పడానికి కావలసిన సరుకంతా ఆటలోనే ఉంది. లేనివల్లా పక్షులే. జనవరిలో రాత్రి పన్నెండుకీ, సెప్టెంబర్‌లో పొద్దున పదకొండుకీ ఆ స్లైడర్ ఒకటే.

ఇది చిన్న లోపమని నాకనిపించదు. యుద్ధ సిమ్యులేటర్‌కి ఆకాశం అంటే రెండు టార్గెట్ల మధ్య ఖాళీ. ఆ ఖాళీలో గాలి ఉంటుంది, వాతావరణం ఉంటుంది, శత్రువు ఉంటాడు. కాపురముండేవాళ్ళు ఉండరు. కింద ఊళ్ళలో మనుషులు కనిపించకపోవడం గురించి చాలామంది రాశారు, సరైన విమర్శే. పైన కూడా అదే జరుగుతోంది.

కాకసస్‌లో లేనిది నిజం సైన్యాలు మాత్రం పట్టించుకోక తప్పలేదు. డీసీఎస్ సిరియా మ్యాప్‌లో ఉత్తర ఇజ్రాయెల్ కూడా ఉంది. యూరప్, ఆసియాల నుంచి ఆఫ్రికాకి పోయే పక్షులకి ఆ దేశం ఇంకో గరాటు మూతి. ఏటా రెండుసార్లు, దాదాపు 50 కోట్ల పక్షులు ఆ దారిన పోతాయని అంచనా. 1983లో అక్కడ ఒక స్కైహాక్ విమానం కాక్‌పిట్‌లోకి తేనెగద్ద ఒకటి అద్దం పగలగొట్టుకుని దూసుకొచ్చింది. తగలడం తగలడం పైలట్‌ని బయటికి ఎగరేసే మీటకే తగిలింది. అలా అతను బతికాడు. విమానం కూలింది. యోసి లెషెం అనే పక్షి శాస్త్రవేత్త ఆ దశకంలోనే మోటారు గ్లైడర్ వేసుకుని వలస గుంపుల వెంట ఎగిరి, ఏ నెలలో, ఏ వేళ, ఏ ఎత్తులో ఏ దారిన పోతాయో పటాలు గీశాడు. వైమానిక దళం ఆ పటాలు పట్టుకుని శిక్షణ వేళలు, దారులు మార్చుకుంది. ప్రమాదాలు బాగా తగ్గాయి.

అంటే ఏమైంది? విధి అనుకున్నది టైమ్‌టేబుల్ అయింది. కూలిన విమానం దగ్గర పాచికలా కనిపించినదానికి, గ్లైడర్ ఎక్కి చూస్తే కారణం ఉంది, క్యాలెండర్ ఉంది. స్లైడర్ ఈ ప్రయాణాన్ని వెనక్కి నడిపిస్తుంది. తెలిసినదాన్ని మళ్ళీ తెలియనిదిగా మారుస్తుంది.

రాడార్ సంగతి ఇంకా విచిత్రం. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ రాడార్ల మీద ఏ విమానానికీ చెందని చుక్కలు కనిపించేవి. ఆపరేటర్లు వాటికి 'ఏంజెల్స్' అని పేరు పెట్టారు. డేవిడ్ లాక్, జార్జ్ వార్లీ అనే జీవశాస్త్రజ్ఞులు అవి పక్షులని తేల్చారు. పక్షుల వలసని రాడార్‌తో చదవడం అక్కణ్ణుంచి మొదలైంది. తర్వాతి యుద్ధ విమానాల రాడార్లు నెమ్మదిగా కదిలేవాటిని, నేల మీది ప్రతిధ్వనుల్ని చెత్తగా భావించి తీసేయడం నేర్చుకున్నాయి. డీసీఎస్ ఆ వడపోతని కూడా శ్రద్ధగా నకలు చేసింది. శత్రువు రాడార్‌కి అడ్డంగా తిరిగి ఆ వడపోతలో దాక్కోవడం ఆటలో ఒక విద్య. అంటే జల్లెడ ఉంది. జల్లెడలోంచి జారిపోవలసిన పక్షులు లేవు.

ఆ జల్లెడకి అసలు ప్రపంచంలో చెల్లించిన ధర ఒకటి గుర్తొస్తుంది. 1995 సెప్టెంబర్ 22న అలాస్కాలోని ఎల్మెండార్ఫ్ స్థావరం నుంచి ఈ-3 అవాక్స్ విమానం లేచింది. వీపు మీద తిరిగే పెద్ద రాడార్ పళ్ళెం మోస్తూ, వందల కిలోమీటర్ల దూరంలో ఎగిరేదాన్ని కనిపెట్టడం దాని పని. రన్‌వే పక్కనుంచి లేచిన కెనడా బాతులు ఎడమ రెక్క ఇంజన్లలోకి పోయాయి. 24 మంది ఉన్నారు. ఎవరూ మిగల్లేదు.

మిగతా సిమ్యులేటర్లు ఏమైనా మేలా? ఎక్స్-ప్లేన్ పాత వెర్షన్లలో ఒక టిక్కు పెట్టె ఉండేది: వాతావరణం బావుంటే పక్షుల్నీ జింకల్నీ చూపించు అని. వాతావరణం బావుంటేనే! పిక్నిక్‌కి వచ్చినట్టు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 వెర్షన్‌లో పక్షులు ఇంకా అందంగా ఉంటాయి, ఫ్లమింగోలు కూడా. కానీ అవి ప్రధానంగా దృశ్యం, స్క్రీన్‌షాట్ తీసుకోవడానికి. ఒకచోట పక్షి పాచిక, ఒకచోట పక్షి వాల్‌పేపర్. ఆ ఆకాశంలో బతికే ప్రాణిగా ఎక్కడా లేదు.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. అన్నిటినీ సిమ్యులేట్ చేయలేం. కంప్యూటర్‌కి ఓ హద్దుంది, మనిషి ఓపికకి ఇంకా పెద్ద హద్దుంది. పైగా అనుకోనిదాన్ని తయారుచేయడమే అసాధ్యం కావచ్చు. స్లైడర్ జరిపింది మీరే అయినప్పుడు అది అనుకోనిది ఎలా అవుతుంది?

ఈ చివరి మాట దగ్గర హడ్సన్ నది విమానం గుర్తు చేసుకోవాలి. 2009 జనవరి 15న న్యూయార్క్ లగ్వార్డియా నుంచి లేచిన యూఎస్ ఎయిర్‌వేస్ 1549 రెండు ఇంజన్లలోకీ కెనడా బాతులు పోయాయి. కెప్టెన్ సలెన్‌బర్గర్ దాన్ని నది మీద దించాడు. 155 మందీ బతికారు. తర్వాత విచారణలో పైలట్లని సిమ్యులేటర్లో కూచోబెట్టి, తిరిగి విమానాశ్రయానికి చేరగలిగేవాడా అని చూశారు. దెబ్బ తగిలిన క్షణమే వెనక్కి తిప్పినవాళ్ళు కొందరు చేరారు. ఏం జరిగిందో అర్థం చేసుకోడానికి మనిషికి పట్టే సమయం కింద 35 సెకన్లు కలిపితే చేరలేకపోయారు. ఆ సిమ్యులేటర్ పైలట్లకి బాతులొస్తాయని ముందే తెలుసు. ఈస్ట్‌వుడ్ తీసిన 'సల్లీ' సినిమా ఆ 35 సెకన్ల మీదే నిలబడింది. విచారణాధికారుల్ని అంత విలన్లుగా చూపించడం నాకు నచ్చలేదు గానీ, సిమ్యులేషన్ దేన్ని మింగేస్తుందో చూపించడంలో అది మంచి సినిమా. దిగ్భ్రాంతిని మింగేస్తుంది.

కాబట్టి నిజమే, ఆశ్చర్యాన్ని ఆట తయారుచేయలేదు. నేనడుగుతున్నది ఆశ్చర్యం కాదు, కారణం. సెప్టెంబర్‌లో పొద్దున పదకొండుకి బటూమి తీరం వెంట కిందగా పోతే ప్రమాదం ఉందని ముందే తెలిస్తే అది నిర్ణయం అవుతుంది. మిసైల్‌కి భయపడి కిందికి దిగాలా, గద్దలకి భయపడి పైకి లేవాలా? ఆటగాళ్ళు పక్షి నేర్పేదేమీ లేదంటున్నారే, ఇది కదా నేర్పేది. పాచికని దారిగా మారిస్తే అన్యాయం పోతుంది, వాస్తవికత పెరుగుతుంది. రెండూ ఒక్కసారే దొరకడం ఆటల్లో అరుదు.

నాకు అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. ప్రమాదం తర్వాత అడిగే ప్రశ్న.

1960 అక్టోబర్ 4న బోస్టన్‌లో ఒక ఎలెక్ట్రా విమానం లేచిన కాసేపటికే కూలి 62 మంది చనిపోయారు. ఇంజన్లలో దొరికిన ఈకల ముక్కల్ని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో రాక్సీ లేబోర్న్ అనే ఆవిడకి పంపారు. నూగు ఈకల నిర్మాణాన్ని మైక్రోస్కోప్ కింద చదివి అవి స్టార్లింగులని ఆవిడ చెప్పింది. మన గోరింకల కుటుంబం. ఈకని సాక్ష్యంగా చదివే శాస్త్రానికి ఆవిడే తల్లి అంటారు. 'ఏ పిట్ట?' అన్నది పిల్లల ప్రశ్నలా ఉంటుంది. కానీ జవాబు దొరికితే దాని వెనకాలే చరిత్ర వస్తుంది. స్టార్లింగ్ అమెరికా పక్షే కాదు. యూరప్ నుంచి మనుషులు తెచ్చి వదిలారు. 1890లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో వదిలినవి వాటిలో బాగా పేరుపడ్డాయి. బోస్టన్ ఆకాశంలో ఆ సాయంత్రం అంత గుంపు ఉండటానికి మనిషి చెయ్యి ఉంది.

మన దేశంలో ఆ ప్రశ్న అడిగితే జవాబు చాలాసార్లు గద్ద. గద్ద ఎందుకుంది? కోళ్ళ దుకాణం వెనక పారేసిన పేగుల కోసం. హైదరాబాద్‌లో ఏ మాంసం మార్కెట్ దగ్గరైనా తల ఎత్తితే కనిపిస్తాయి. విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్లలో జంతువుల్ని కోయడం, చెత్త పడేయడం కూడదని 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోనే ఉంది. 2019 జూన్‌లో అంబాలాలో లేచిన జాగ్వార్‌కి పక్షి తగిలి ఒక ఇంజన్ పోతే, పైలట్ ఇంధన ట్యాంకులు, శిక్షణ బాంబులు వదిలేసి క్షేమంగా దించాడు. ఇంకో పక్షి ఉండేది, రాబందు. పశువులకి వాడిన డైక్లోఫెనాక్ మందు, చచ్చిన పశువుల్ని తిన్న రాబందుల్ని చంపింది. 1990ల తర్వాత పదిహేనేళ్ళలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. పశువులకి ఆ మందు 2006లో నిషేధించారు. ఇప్పుడు ఆ స్లైడర్‌ని మన ఆకాశం మీద పెట్టి చూడండి. 1985లోనూ 2010లోనూ ఒకే సంఖ్య. ఒక జాతి మొత్తం మాయమైనా కదలని సంఖ్య.

మన సాహిత్యంలో విమానాన్ని గుద్దిన మొదటి పక్షి జటాయువు అని సరదాగా అనుకోవచ్చు. రావణుడి రథాన్ని ముక్కలు చేసి నేలకి దించాడు. సరదా పక్కన పెడితే, వాల్మీకి ఏం చేశాడో చూడండి. ఆ పక్షికి పేరిచ్చాడు, అరవై వేల ఏళ్ళ వయసిచ్చాడు, అడ్డుపడటానికి కారణమిచ్చాడు, చనిపోయాక సంస్కారం కూడా జరిపించాడు. ఆ లెక్కన మన సిమ్యులేటర్లు ఎన్ని టెరాబైట్ల ఆకాశం గీసినా కవిత్వంలోనే కాదు, జీవశాస్త్రంలోనూ వెనకబడే ఉన్నాయి.

ఆట మిషన్ అయిపోయాక ఒక జాబితా చూపిస్తుంది. ఎన్నింటికి లేచారు, ఏ ఆయుధం ఎవరికి తగిలింది, ఎవరు ఎవర్ని కూల్చారు. ప్రతి మిసైల్‌కీ అందులో పేరుంటుంది. నేను కోరేది ఆ జాబితాలో ఒక్క వరస: ఈ రోజు, ఈ వేళ, ఈ తీరం మీద మిమ్మల్ని కూల్చింది తేనెగద్ద, ఆఫ్రికాకి పోతోంది. ఆ ఒక్క వరస నిజం కావాలంటే వెనకాల ఋతువు ఉండాలి, వేడెక్కే నేల ఉండాలి, దారి ఉండాలి. అవన్నీ పెట్టాక ఇక ఆ స్లైడర్‌తో పనుండదు.